చెవిపోటుతో మొదలై మూతి వంకర దాకా: ఒక రామ్సే హంట్ కేసు, పద్నాలుగు నెలల ఫిజియోథెరపీ

రోగి 47 ఏళ్ల మహిళ. ఆర్టీసీ కండక్టర్. హన్మకొండ నుంచి పరకాల, భూపాలపల్లి వైపు తిరిగే పల్లెవెలుగు బస్సుల్లో డ్యూటీ. ఎనిమిదేళ్లుగా షుగర్ ఉంది, మాత్రలు వాడుతున్నారు. బీపీ లేదు. చిన్నప్పుడు ఆటలమ్మ పోసింది. ముఖం కుడి సగం చచ్చుబడిన రెండో వారంలో, ఈఎన్టీ డాక్టరు గారి చీటీ పట్టుకొని ఫిజియోథెరపీ కోసం నా దగ్గరికి వచ్చారు. ఆమె అనుమతితోనే ఇది రాస్తున్నాను. ఆమెను గుర్తుపట్టే వీలున్న కొన్ని వివరాలు మార్చాను.

రామ్సే హంట్ కూడా ఒక రకం ముఖ పక్షవాతమే. ముఖ పక్షవాతంలో మొదటి వారం మందులకు, కంటికి ఇవ్వాలి. ఆ తర్వాత నెలలన్నీ నిదానానికి ఇవ్వాలి. మన దగ్గర ఎక్కువగా జరిగేది దీనికి తలకిందులు. మొదటి వారం అనుమానాల్లో గడిచిపోతుంది, ఆ పోయిన కాలాన్ని రాబట్టుకోవాలని తర్వాత నెలల్లో ముఖాన్ని హింస పెడతారు. ఈ కేసులో రెండూ కనిపిస్తాయి కాబట్టి వివరంగా రాస్తున్నాను.

మొదటి నాలుగు రోజులు

ముందుగా వచ్చింది చెవిపోటు. కుడి చెవి లోపల, బాగా అడుగున సలుపు. కిటికీ గాలి కొట్టిందనుకొని వెల్లుల్లి వేసి కాచిన నూనె చెవిలో పోసుకున్నారు. రెండు రోజులు అలాగే డ్యూటీకి వెళ్లారు. మూడో రోజు పొద్దున పళ్లు తోముకొని పుక్కిలిస్తుంటే నీళ్లు నోటి కుడి మూల నుంచి జారి జాకెట్టు తడిసింది. అద్దంలో చూసుకుంటే మూతి ఎడమకు గుంజుకుపోయి ఉంది. కుడి కన్ను మూత పడటం లేదు.

"పక్షవాతమే వచ్చింది అనుకున్న మేడం. కాలు చెయ్యి ఒకటికి పదిసార్లు ఆడించి చూసుకున్న" అని తర్వాత చెప్పారు. ఇంట్లోవాళ్లూ అదే అనుకున్నారు. ఆర్‌ఎంపీ వచ్చి బీపీ చూసి బాగానే ఉందన్నాడు. ఆ సాయంత్రమే ఒక ఆసుపత్రిలో తలకు సీటీ స్కాన్ తీయించారు. ఏమీ లేదని తేలింది. ‘నరాల బలహీనత, అదే తగ్గుతుంది’ అని బీ12 ఇంజక్షన్లు రాసి పంపించారు. పక్కింటివాళ్లు పావురం రక్తం పూయమన్నారు. ఒక బంధువు పసరు మందు ఇచ్చే ఊరు చెప్పాడు. చెవిపోటు మాత్రం తగ్గలేదు, పైగా కన్ను ఎర్రబడి మంట మొదలైంది. పెద్ద కూతురు పట్టుబట్టి, మూతి వంకరపోయిన నాలుగో రోజు ఈఎన్టీ దగ్గరికి తీసుకెళ్లింది.

మూతి వంకరపోగానే ఆసుపత్రికి పరుగెత్తడం తప్పు కాదు, అదే సరైన పని. మెదడులో వచ్చే పక్షవాతానికి గంటలే గడువు కాబట్టి ఆ అనుమానం ముందు తీరాలి. డాక్టర్లు మొదట చేసే పరీక్ష ఒకటుంది. కనుబొమలు పైకెత్తమంటారు. నుదుటి కండరాలకు మెదడు రెండు సగాల నుంచీ ఆజ్ఞలు అందుతాయి. అందుకే మెదడులో దెబ్బ తగిలినప్పుడు మూతి వంకరపోయినా నుదుటి మీద ముడతలు సాధారణంగా రెండు వైపులా పడతాయి. నరం దగ్గరే దెబ్బ తగిలితే ఆ వైపు నుదురు కూడా నున్నగా ఉండిపోతుంది. ఈమెకు కుడి నుదుటి మీద ఒక్క గీత కూడా పడలేదు. అలాగని ఇంట్లో నుదురు చూసుకొని ఎవరూ నిశ్చింతగా కూర్చోవద్దు. చెయ్యి, కాలు, మాట, నడకతో కలిపి చూసి తేల్చాల్సింది డాక్టరే.

చెవి దొప్పలో దొరికిన సమాధానం

ఈఎన్టీ డాక్టరు గారు ముఖం కంటే ముందు చెవి చూశారు. నూనె తుడిచేసి లైటు వేసి చూస్తే చెవి దొప్పలో, రంధ్రం అంచున ఆవగింజంత నీటి పొక్కులు. కొన్ని అప్పటికే ఎండి చెక్కు కడుతున్నాయి. వేడి నూనెకు బొబ్బలెక్కాయని ఇంట్లోవాళ్లు అనుకున్నవి ఇవే. చెవిపోటు, పొక్కులు, అదే వైపు ముఖం చచ్చుబడటం: ఈ మూడూ కలిస్తే రామ్సే హంట్ సిండ్రోమ్. న్యూయార్క్ నరాల వైద్యుడు జేమ్స్ రామ్సే హంట్ 1907లో దీన్ని వివరించారు. 2022లో గాయకుడు జస్టిన్ బీబర్ తన ముఖం సగం కదలడం లేదని వీడియోలో చూపించి చెప్పిన జబ్బు ఇదే.

కారణం ఆటలమ్మ వైరస్, వరిసెల్లా జోస్టర్. చిన్నప్పుడు ఆటలమ్మ తగ్గిపోయినా వైరస్ ఒంట్లోంచి పోదు. నరాల ముడుల్లో దశాబ్దాల పాటు నిద్రాణంగా ఉంటుంది. వయసు, షుగర్, నిద్ర లేమి, మరేదైనా జబ్బు రోగనిరోధక శక్తిని తగ్గించినప్పుడు మళ్లీ లేస్తుంది. ఛాతీ చుట్టూ లేస్తే జనం సర్పి అంటారు. ముఖ నరం మలుపులో ఉన్న ముడిలో లేస్తే చెవిలో పొక్కులు వస్తాయి, నరం వాస్తుంది. ఈ నరం చెవి వెనక ఎముకలోని సన్నని సొరంగం గుండా వస్తుంది. అందులో అతి ఇరుకైన చోట వెడల్పు ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. అక్కడ వాపుకు చోటు లేదు. వాచిన నరం తన మీద తానే ఒత్తిడి తెచ్చుకొని, రక్తం అందక పోగులు చచ్చిపోతాయి.

పక్కనే వినికిడిని, ఒంటి సమతూకాన్ని చూసే నరం కూడా ఉంటుంది. ఈమెకు మంచం మీద ఒత్తిగిలితే ఇల్లు తిరిగినట్టయ్యేది. వినికిడి పరీక్షలో కుడి చెవికి కీచు శబ్దాలు వినిపించడం తగ్గినట్టు తేలింది. నాలుక కుడివైపు ముందు భాగంలో రుచి పోయింది. ‘పచ్చిపులుసు చప్పగ అనిపిస్తుంది’ అన్నారు.

దీన్ని బెల్స్ పాల్సీతో కలిపేయకూడదు. 1821లో ముఖ నరం గురించి రాసిన స్కాట్లాండ్ వైద్యుడు చార్లెస్ బెల్ పేరుతో పిలిచే ఆ జబ్బు చాలా ఎక్కువమందికి వస్తుంది. పొక్కులుండవు, కారణం ఇదీ అని ఒక్కో రోగిలో తేలదు, పెదవుల మీద పొక్కులు తెచ్చే హెర్పిస్ సింప్లెక్స్ వైరస్ మీద అనుమానం బలంగా ఉంది. అది చాలావరకు కోలుకునే జబ్బు. 2007లో స్కాట్లాండ్ నుంచి వచ్చిన పెద్ద పరీక్షలో, 72 గంటల్లోపు ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మొదలుపెట్టిన బెల్స్ పాల్సీ రోగుల్లో తొమ్మిది నెలలకు 94 శాతం మంది పూర్తిగా బాగయ్యారు, ఆ మందు లేనివారిలో 82 శాతం. రామ్సే హంట్ అంత దయ చూపదు. 1997లో జపాన్ వైద్యులు 80 మంది రోగుల ఫలితాలు ప్రచురించారు. మూడు రోజుల్లోపు వైరస్ మందు, స్టెరాయిడ్ మొదలైనవారిలో 75 శాతం మందికి ముఖం పూర్తిగా తిరిగి వచ్చింది. వారం దాటాక మొదలైనవారిలో 30 శాతానికే. మా రోగి ఈ రెండు అంకెల మధ్యలో పడ్డారు. కదలిక పోయిన రెండో రోజే మందు మొదలై ఉంటే ఎలా ఉండేదో అని ఆలోచించి లాభం లేదు, కానీ మూతి వంకరతో వచ్చిన ప్రతి మనిషి చెవి దొప్పలోకి లైటు వేసి చూడటానికి అర నిమిషం చాలు. ఆ అర నిమిషం కోసం ఎవరినైనా అడగడానికి నేను మొహమాటపడను.

మందులు, షుగర్

కిడ్నీ పరీక్ష చూశాక వైరస్ మందు వాలసైక్లోవిర్ ఒక గ్రాము, రోజుకు మూడుసార్లు, ఏడు రోజులు ఇచ్చారు. ప్రెడ్నిసొలోన్ 60 మిల్లీగ్రాములు ఐదు రోజులు, ఆ తర్వాత రోజుకు పది చొప్పున తగ్గిస్తూ పదో రోజుతో ఆపారు. ఇవి ఈమె బరువుకు, ఈమె కిడ్నీలకు డాక్టరు లెక్కగట్టిన మోతాదులు. చదివి ఎవరూ సొంతంగా కొనుక్కోకూడదు.

స్టెరాయిడ్ మొదలైన రెండో రోజుకే షుగర్ 300 దాటింది. మూడు నెలల సగటు చూపే హెచ్‌బీఏ1సీ అప్పటికే 8.1 శాతం ఉంది. ఇంట్లో భయపడి స్టెరాయిడ్ ఆపేద్దామన్నారు. ఫిజీషియన్ ఆపనివ్వలేదు, ఆ పది రోజులకూ ఇన్సులిన్ పెట్టారు. షుగర్ ఉన్నవాళ్లలో మందు సగంలో ఆగిపోయేది సరిగ్గా ఇక్కడే. ఇన్సులిన్ అంటే జీవితాంతం అని భయం. ఈమెకు స్టెరాయిడ్‌తోపాటే ఇన్సులిన్ కూడా ఆగిపోయింది.

ఇంట్లో ఏడు నెలల మనవడు ఉన్నాడు. పొక్కుల నీరు తగిలితే ఆటలమ్మ రానివారికి ఆటలమ్మ రావచ్చు. అందుకని చెక్కులు రాలేదాకా చెవికి గాజుగుడ్డ కట్టి, పిల్లవాణ్ని దూరంగా ఉంచమని డాక్టరు చెప్పారు. ఆమెను బాధపెట్టిన సంగతుల్లో ముఖం తర్వాత ఇదే.

నేను మొదటిసారి చూసినప్పుడు

విశ్రాంతిగా కూర్చోబెట్టి ముందు చూశాను. కుడి కన్ను ఎడమ దానికంటే పెద్దదిగా తెరుచుకొని ఉంది. ముక్కు పక్క నుంచి మూతి దాకా దిగే గీత కుడివైపు పూర్తిగా చెరిగిపోయింది. నోటి మూల జారింది. కళ్లు గట్టిగా మూయమంటే కుడి కనుగుడ్డు పైకి తిరిగి తెల్లగుడ్డు కనిపించింది, రెప్పల మధ్య వేలి మందం సందు మిగిలింది. నవ్వమంటే కుడివైపు అతి కొద్దిగా, కనీకనిపించనంత అదురు.

హౌస్ బ్రాక్‌మన్ కొలతలో ఐదో గ్రేడు (ఒకటంటే మామూలు ముఖం, ఆరంటే పూర్తిగా చచ్చుబడింది). సన్నీబ్రూక్ స్కోరు 100కి 8. ఈ రెండో కొలత నాకు ఎక్కువ పనికొస్తుంది. విశ్రాంతిలో ముఖం తీరు, ఐదు కదలికలు, వాటితోపాటు రాకూడని కదలికలు, మూడింటినీ విడివిడిగా లెక్కిస్తుంది. పన్నెండో రోజున చేసిన నరాల పరీక్షలో కుడివైపు స్పందన ఎడమతో పోలిస్తే 85 శాతం పడిపోయింది. 90 దాటితే కొన్ని కేంద్రాల్లో ఆపరేషన్ ఆలోచన చేస్తారు. ఈమెకు ఆ ప్రస్తావన రాలేదు. కానీ 85 అంటే చాలా పోగులు చచ్చి, కొత్తగా మొలవాలని అర్థం. నరం రోజుకు ఒక మిల్లీమీటరు లెక్కన పెరుగుతుంది. నెలలు పడుతుందని మొదటి రోజే చెప్పేశాను. "నెల రోజుల్ల డ్యూటీ ఎక్కుతనా మేడం?" అని అడిగారు. ఎక్కలేరని చెప్పాను. అబద్ధపు ధైర్యం చెబితే మూడో నెలలో ఆమె నన్ను కాదు, చికిత్సనే వదిలేస్తారు.

ముందు కన్ను

ముఖం నెమ్మదిగా వచ్చినా బతుకు నడుస్తుంది. నల్లగుడ్డు మీద పుండు పడితే చూపే పోవచ్చు. కంటి డాక్టరు రంగు చుక్క వేసి చూస్తే నల్లగుడ్డు కింది భాగంలో సూదిమొనలంత గీతలు కనిపించాయి. పగలు గంటకోసారి కన్నీటి చుక్కలు, రాత్రి ఆయింట్‌మెంట్, బయటికి వెళితే పక్కలు కూడా మూసి ఉండే కళ్లద్దాలు రాసిచ్చారు.

నేను నేర్పింది రాత్రి ప్లాస్టర్ వేసే పద్ధతి. చాలామంది కంటి మీద దూది పెట్టి పైన కట్టేస్తారు. నిద్రలో దూది కింద కన్ను తెరుచుకొని రాత్రంతా రాసుకుంటుంది. అది అసలు కట్టనిదానికంటే చెడ్డది. ఆమెను కిందికి చూడమన్నాను. చూపుడు వేలి వెనక వైపుతో పై రెప్పను మెల్లగా కిందికి దించి, మూతపడ్డాక కాగితం ప్లాస్టర్ రెప్ప మీద అడ్డంగా అంటించాను. రెప్పల మధ్య సందు లేదని కూతురితో టార్చి వేయించి చూపించాను. కూతురు నా ముందే వేసి చూపించేదాకా ఆ రోజు పంపలేదు.

ఇంకొక సంగతి ఎవరూ పట్టించుకోరు. కన్ను మూసే కండరం చచ్చుబడితే, రెప్పను ఎత్తే కండరానికి ఎదురు లేక అది బిగుసుకుపోతుంది. నరం తిరిగి వచ్చాక కూడా రెప్ప దిగదు. అందుకే రోజుకు కొన్నిసార్లు కిందికి చూస్తూ పై రెప్పను వేలితో మెల్లగా కిందికి సాగదీసి పట్టుకోమన్నాను. ఆరో నెలకు ఆమె కన్ను పూర్తిగా మూతపడటానికి ఇది కూడా తోడ్పడిందని నమ్ముతున్నాను.

"కరెంటు పెట్టరా?"

రెండో సందర్శనలోనే ఆమె భర్త అడిగిన మాట ఇది. మా దగ్గర ముఖ పక్షవాతానికి ఫిజియోథెరపీ అంటే కరెంటు పెట్టడమే. యంత్రం, తీగలు, కండరం టపటపా కొట్టుకోవడం: కంటికి కనిపిస్తుంది కాబట్టి వైద్యం జరుగుతోందన్న నమ్మకం కలుగుతుంది. నేను పెట్టలేదు. 2011లో కాక్రేన్ (వైద్య పరీక్షల ఫలితాలను కలిపి తూచే అంతర్జాతీయ సంస్థ) సమీక్ష బెల్స్ పాల్సీకి చేసే ఫిజియోథెరపీల మీద అప్పటిదాకా వచ్చిన పరీక్షలన్నిటినీ చూసింది. కరెంటు వల్ల మేలు జరిగినట్టు రుజువు దొరకలేదు. రోగికి తగ్గట్టు రూపొందించిన వ్యాయామాలు, ముఖ్యంగా జబ్బు ముదిరి నెలలు గడిచినవారికి, ఉపయోగపడవచ్చని తేలింది, అదీ బలహీనమైన ఆధారాలతో. నా చేతిలో ఉన్నది కూడా గట్టి రుజువున్న ఆయుధమేమీ కాదని అందుకే చెబుతున్నాను. కానీ ముఖమంతా ఒకేసారి బిగిసేలా కండరాలను కొట్టించడం, తర్వాత నేను విడదీయాల్సిన కదలికలను ముందే ముడివేయడమని నా అభిప్రాయం. కరెంటు పెట్టే తోటి ఫిజియోలు నాతో ఏకీభవించకపోవచ్చు.

బబుల్ గమ్ నమలమని, బెలూన్ ఊదమని కూడా ఆమెకు ముగ్గురు చెప్పారు. నమిలే కండరాలకు వచ్చేది ఐదో నరం, చచ్చుబడింది ఏడో నరం. ఎంత నమిలినా ముఖానికి అందేదేమీ లేదు, దవడ నొప్పి తప్ప. బెలూన్ ఊదితే బాగున్న ఎడమవైపే బలమంతా పెట్టి మూతిని ఇంకా గుంజుతుంది.

కదలిక లేని ఆ మొదటి రెండు నెలల్లో మేము చేసింది చాలా తక్కువ. గోరువెచ్చని తడి గుడ్డ, వేళ్లతో మెత్తని మర్దనా, బొటనవేలు నోట్లో పెట్టి బుగ్గను లోపలి నుంచి సాగదీయడం, ఎడమ బుగ్గ మీద వేళ్లు ఆనించి దాని దూకుడు తగ్గించడం. తిండి తీరు కూడా మార్చాం. కుడి బుగ్గలో అన్నం చేరి నిలిచిపోతుంటే ముద్ద చిన్నది చేసి ఎడమవైపు నమలడం, తిన్నాక వేలితో లోపలంతా తుడుచుకోవడం. టీ గ్లాసుతో తాగేటప్పుడు కింది పెదవిని వేలితో ఎత్తి పట్టుకోవడం. రోజుకు రెండు పూటలా అద్దం ముందు కూర్చొని, కదిలించకుండా, కదిలించినట్టు తలచుకోవడం. ఈ ఆఖరుదాన్ని ఆమె చాలా రోజులు నమ్మలేదు.

మొదటి అదురు

ఎనిమిదో వారంలో ఒకరోజు, ఏదో వాసన చూస్తున్నట్టు ముక్కు ఎగబీల్చమన్నాను. కంటికి ఏమీ కనిపించలేదు. ముక్కు పక్కన ఆనించిన నా వేలికొస కింద మాత్రం సన్నగా ఒక లాగుడు తగిలింది. మళ్లీ చేయమంటే మళ్లీ తగిలింది. ఆమె వేలిని అక్కడే పెట్టించాను. కాసేపు ఏమీ అనలేదు, తర్వాత ఎడమ కన్ను ఒక్కటే తడిసింది. కుడి కంట్లో కన్నీళ్లు అప్పటికింకా తక్కువే.

అసలు పని ఇక్కడ మొదలవుతుంది. ప్రమాదం కూడా ఇక్కడే. కొత్తగా మొలిచే నరం పోగులకు పాత దారి గుర్తుండదు. ఆమెకు అర్థమయ్యేలా చెప్పాలని, ములుగు పోవాల్సిన మనిషి పరకాల బస్సెక్కితే ఎట్లుంటదో అట్లా అన్నాను. మూతికి చేరాల్సిన పోగు కంటికి చేరుతుంది. నవ్వితే కన్ను మూతపడుతుంది, కన్ను ఆర్పితే మూతి ఎగురుతుంది. దీన్ని సింకైనేసిస్ అంటారు. పోగులు దారి తప్పడం మన చేతుల్లో లేదు. కానీ ఆ తప్పుదారిని బలంగా, పదేపదే వాడి అలవాటుగా మార్చకుండా ఉండటం చాలావరకు మన చేతుల్లో ఉంది.

అందుకని కదలికలన్నీ చిన్నవి, నిదానమైనవి. అద్దానికి నిలువుగా ముఖం మధ్య గీత గీశాం. నవ్వంటే పళ్లు కనబడేలా కాదు, రెండు మూలలూ సమానంగా ఒక మిల్లీమీటరు. ఎడమ మూల ముందుకు పోతే ఆగడం. కన్ను బిగిస్తే ఆగి, విడిచి, మళ్లీ సగం కదలిక. ఒక్కొక్కటీ నాలుగైదుసార్లకు మించి లేదు. "గింత చిన్నగ చేస్తే బలమెట్ల వస్తది మేడం?" అని ఆమె పోట్లాడేవారు. ముఖ కండరాలు కాళ్ల కండరాలు కావు, వాటికి కావలసింది బలం కంటే ముందు పద్ధతి.

పరకాల, భూపాలపల్లి, మల్లంపల్లి

పెదవులు కలవకపోతే ప, బ, మ పలకవు. ‘పరకాల’ అంటే ‘హరకాల’లా గాలి పోయేది. స్పీచ్ థెరపిస్టు దగ్గరికి వెళ్లే వీలు ఆమెకు లేకపోయింది. ఏం పలికిద్దామని ఆలోచిస్తుంటే ఆమె పని చేసే దారే సగం పెదవుల అక్షరాలతో నిండి ఉంది. పరకాల, భూపాలపల్లి, ములుగు, మల్లంపల్లి, పంపాపూర్. రోజూ సాధనకు ఆమె బస్సు స్టేజీలనే రాసిచ్చాను. అరవకుండా, మెల్లగా, కింది పెదవి రెండు మూలలూ పైదాన్ని తాకాకే అక్షరాన్ని విడవాలి. మొదట్లో కుడి మూలకు వేలి ఆసరా, తర్వాత వేలు తీసేసి. కూతురు సెల్‌ఫోన్లో రికార్డు చేసి వారానికోసారి పంపేది. నాలుగో నెల చివరికి ‘మల్లంపల్లి’ శుభ్రంగా వచ్చింది. ‘భూపాలపల్లి’లోని భూ ఇంకో నెల పట్టింది. ఈ సాధనకు వచ్చినంత ఇష్టంగా ఆమె మరే వ్యాయామానికీ రాలేదు.

విజిల్ సమస్య

ఐదో నెలలో ఆమె సంతోషంగా వచ్చి, సంచిలోంచి డ్యూటీ విజిల్ తీసి ఊది చూపించారు. గాలి కొంచెం కారినా మోగింది. కానీ ఊదుతున్నంతసేపూ కుడి కన్ను సగం మూసుకుపోయింది. మెడ కుడివైపు తీగలు లేచాయి. గడ్డం మీద చర్మం గుంటలు పడి బిగుసుకుంది. ఇంట్లో రోజూ చాలాసేపు ఊదుతున్నారట. డ్యూటీకి పనికిరానని ఎవరైనా అంటారేమోనన్న భయం.

కోప్పడలేదు. ఆమె స్థానంలో ఎవరున్నా అదే చేస్తారు. విజిల్ తీసుకొని నా బల్ల సొరుగులో పెట్టుకున్నాను, ఆమె ఒప్పుకున్నాకే. దాని బదులు సన్నని స్ట్రా ఇచ్చాను. స్ట్రా చుట్టూ పెదవులు మెత్తగా మూసి, కుడి కన్ను వెడల్పుగా తెరిచి ఉంచుతూ, మంచినీళ్ల గ్లాసులో ఒకే ఒక బుడగ. కన్ను ముడుచుకుంటే బుడగ ఆపేయాలి. పెదవి పని చేస్తున్నప్పుడు కంటికి విశ్రాంతి నేర్పడం, కన్ను ఆర్పుతున్నప్పుడు మూతికి విశ్రాంతి నేర్పడం. నాలుగు నెలలు మా పనంతా ఇదే.

ఆరో నెలలో సన్నీబ్రూక్ 61. హౌస్ బ్రాక్‌మన్ మూడో గ్రేడు. కన్ను కొద్ది ప్రయత్నంతో పూర్తిగా మూతపడింది, నల్లగుడ్డు శుభ్రంగా ఉందని కంటి డాక్టరు చెప్పారు. అప్పుడే డ్యూటీలో చేరారు, రంగు లేని కళ్లద్దాలు పెట్టుకొని, కిటికీ వైపు కాక లోపలి వైపు నిలబడే ఏర్పాటుతో. విజిల్ బదులు ‘రైట్ రైట్’ అని కేకేస్తూ, బస్సు పక్క రేకు మీద చేత్తో కొడుతూ పని నడిపించారు.

తొమ్మిదో నెల వచ్చేసరికి సాధనతో తగ్గాల్సినంత తగ్గి, కన్ను ముడుచుకోవడం ఒక దగ్గర ఆగిపోయింది. అప్పుడు హైదరాబాద్‌లో కనురెప్పల శస్త్రచికిత్స చేసే డాక్టరు దగ్గరికి పంపాను. కుడి కంటి చుట్టూ, గడ్డం మీద, మెడ తీగలో, కండరాన్ని సడలించే బొటులినం టాక్సిన్ చాలా చిన్న మోతాదుల్లో ఇచ్చారు. వారంలో కన్ను తెరిచి నవ్వగలిగారు. దీని ప్రభావం మూడు నాలుగు నెలలే ఉంటుంది. తప్పుడు కదలిక అణిగి ఉన్న ఆ కాలంలో సరైన కదలికను సాధన చేయిస్తేనే ఇంజక్షన్‌కు పూర్తి ఫలితం. అందరి ముఖాలకూ ఇది అవసరం రాదు. తొందరపడి మొదటి నెలల్లో వేయించుకునేది అసలే కాదు.

పద్నాలుగో నెల

సన్నీబ్రూక్ 79. విశ్రాంతిలో చూస్తే కుడి బుగ్గ గీత ఎడమ దానికంటే కొంచెం లోతు, అంటే ఒకప్పుడు జారిన కండరం ఇప్పుడు కొద్దిగా బిగిసి ఉంది. నవ్వు సమానంగా వస్తుంది, పగలబడి నవ్వితే కుడి కన్ను కాస్త చిన్నదవుతుంది. నుదురు సగమే లేస్తుంది, అది ఇంతకంటే వస్తుందని నేను అనుకోవడం లేదు. రుచి తిరిగి వచ్చింది. తల తిరగడం రెండో నెలలోనే పోయింది. కుడి చెవి వినికిడి పూర్తిగా రాలేదు. బస్సు రొదలో ఆ వైపు నుంచి ఎవరైనా స్టేజీ పేరు చెబితే రెండోసారి అడగాల్సి వస్తోంది. కారంగా ఏదైనా తింటే కుడి కన్ను నీళ్లు కారుతుంది. లాలాజల గ్రంథికి పోవాల్సిన పోగులు కన్నీటి గ్రంథికి చేరడం వల్ల ఇలా జరుగుతుంది. ఆమె దీన్ని పెద్దగా పట్టించుకోవడం లేదు. షుగర్ సగటు 7కు దిగింది.

విజిల్ ఆమెకు పదకొండో నెలలోనే తిరిగి ఇచ్చేశాను. పొట్టిగా రెండు ఊతలు మాత్రమే, అద్దంలో కన్ను చూసుకుంటూ మొదలుపెట్టి.

సర్పికి టీకా ఉందా అని ఆమె అడిగారు. 50 దాటినవారి కోసం రెండు డోసుల టీకా 2023 నుంచి మన దేశంలో దొరుకుతోంది. దెబ్బతిన్న నరాన్ని అది బాగుచేయదు, వైరస్ మళ్లీ లేచే అవకాశాన్ని తగ్గిస్తుంది. ఆమెకు ఇంకా 50 నిండలేదు, ఎప్పుడు వేయించుకోవాలో తన ఫిజీషియన్‌తో మాట్లాడుకోమన్నాను. అత్తగారికి కూడా షుగర్ ఉంది, ఆమె సంగతి కూడా అదే డాక్టరును అడగమన్నాను. వినికిడి పరీక్ష ఈ నెలాఖరున మళ్లీ ఉంది. బొటులినం ఇంకో విడత కావాలా వద్దా అన్నది ఆ తర్వాత చూస్తాం. పొద్దుటి సాధన మాత్రం కొనసాగుతోంది, డ్యూటీకి బయల్దేరే ముందు, జడ వేసుకునే అద్దం ముందే.